చల్లపల్లి బస్సులోంచి హిందీ మేడం

మొన్న విజయవాడలో ట్రైనింగు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, నాకు ఎదురు వరసలో కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు నలుగురైదుగురు ఒకే ఫోను మీదకి వంగి నవ్వుతున్నారు. మామూలు నవ్వు కాదు. ఒకమ్మాయికి పులిహోర పొలమారి, పక్కనమ్మాయి నెత్తిమీద తట్టాల్సి వచ్చింది. ఆ ఫోనులోంచి వస్తున్న గొంతు నా చెవిన పడింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"...అస్సలు సంగతేంటంటే అండీ, ఆ మీసాలాయన గేటు దగ్గర్నించే మొదలెట్టాడు..."

"ఎవరమ్మా ఆవిడ?" అని అడిగాను.

"తెలీదు సార్. ఫార్వర్డ్ వచ్చింది. ఎవరో హిందీ టీచరంట. యూట్యూబ్‌లో చేస్తారేమో," అంది ఆ పొలమారిన అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ. "మీకు తెలుసా సార్? ఇంకా ఉన్నాయా ఈవిడవి?"

"ఉన్నాయమ్మా," అన్నాను. ఇంకేదో చెప్పబోయాను గానీ గంట కొట్టారు. సాయంత్రం కంకిపాడు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, ఆ పిల్లకి చెప్పాల్సిందంతా నాలో నేనే చెప్పుకుంటూ ఇంటికి పోయాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ పేరు రాయను. ఆవిడ చెప్పిన కథల్లో ఎప్పుడూ ఎవరి పేరూ ఉండేది కాదు. "పేరెందుకండీ, పేరు పెడితే ఆ మనిషి ఒక్కడే నవ్వులపాలవుతాడు. పెట్టకపోతే అందరం అవుతాం," అనేది. మా అందరికీ ఆవిడ హిందీ మేడం. నా ఫోనులో ఇప్పటికీ 'హిందీ మేడం చల్లపల్లి' అనే ఉంది.

కరోనాకి బళ్ళు మూసేసిన ఏడాది, అంతకుముందు ఏదో ట్రైనింగులో కలిసిన టీచర్లమంతా ఒక వాట్సాప్ గ్రూపులో పడ్డాం. కంకిపాడు, ఉయ్యూరు, మొవ్వ, చల్లపల్లి, అవనిగడ్డ, అన్ని వైపుల వాళ్ళూ ఉన్నారు. కలిశామన్న మాటే గానీ ట్రైనింగు రెండు రోజులూ ఎవరి ఊరివాళ్ళ పక్కన వాళ్ళు కూర్చున్నవాళ్ళమే. ఒకరి మొహం ఒకరికి గుర్తులేదు. గ్రూపులో వచ్చేవి మూడే రకాలు: పైనుంచి వచ్చిన ఉత్తర్వులు, పొద్దున్నే గులాబీలు, 'యాప్ ఓపెన్ అవట్లేదు సార్' అన్న ఏడుపులు. దానికి జవాబుగా 'అందరికీ అంతే సార్' అని ఇంకొకరు. నేను చదివేవాణ్ణి. ఏమీ రాసేవాణ్ణి కాదు. లెక్కల మాస్టర్ని. సహజంగా తక్కువ మాట్లాడతాను. పిల్లలు నన్ను చూస్తే వరండాలో అటు గోడకి తప్పుకునేవాళ్ళు.

అలాంటి గ్రూపులోకి ఒక సాయంత్రం ఈవిడ ఆడియో ఒకటి వచ్చి పడింది.

"అస్సలు సంగతేంటంటే అండీ," అని మొదలు. తర్వాత తెలిసింది, ఆవిడ ఏం చెప్పినా అలాగే మొదలుపెడుతుందని. "నాది ఫోనులో హిందీ క్లాసు కదా. హాజరు పిలుస్తున్నా. ఒక పిల్లాడి పేరు పిలిస్తే 'ఉపస్థిత్' అని బండ గొంతొకటి వచ్చింది. ఏరా, నాలుగు రోజుల్లో గొంతిలా మారిపోయిందేంట్రా అన్నా. 'వాడు కాదండీ, వాళ్ళ నాన్నని. ఫోను నా దగ్గరుంది, నేను చేలో ఉన్నా. పలక్కపోతే ఆబ్సెంటు వేస్తారేమోనని పలికానండీ' అన్నాడు. పక్కన ట్రాక్టరు చప్పుడు. సరే, వచ్చినవాళ్ళకే చెబుదాం అని అ, ఆ నుంచి ఆయనకే చెప్పేశా. రోజూ వచ్చేవాడండీ! నెల తిరిగేసరికి కొడుక్కి రాలేదు గానీ తండ్రికి హిందీ వచ్చేసింది. నిన్న ఫోను చేశాడు. 'మేడంగారూ, ఎరువు బస్తా మీద హిందీలో రాసింది మొత్తం కూడబలుక్కుని చదివేశానండీ. ఇన్నేళ్ళూ అక్కడ ఏం రహస్యం రాశారో అనుకున్నా. యూరియా అనే రాశారు' అన్నాడు. పాపం, చాలా నిరాశపడ్డాడండీ."

నేను మా ఇంట్లో సోఫాలో కూర్చుని పైకి నవ్వాను. వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసి, "ఏమైంది?" అంది. ఆవిడ అడిగింది జోక్ ఏమిటని కాదు. నాకేమైందని.

బళ్ళు తెరిచాక ఆవిడ ఆడియోలు బస్సులోంచి వచ్చేవి. ఇల్లు విజయవాడ వన్ టౌన్. బడి చల్లపల్లి అవతల. పొద్దున్నే బయల్దేరి వెళ్ళి, సాయంత్రం తిరుగు బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఆ రోజు సంగతి చెప్పేది. వెనకాల కండక్టరు 'కూచిపూడీ, కూచిపూడీ' అని అరుస్తుండగా, ఎవరో కోడిపిల్లల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టమంటుండగా, ఆవిడ మాత్రం ఆగకుండా చెప్పుకుపోయేది. గలగలమనే సన్న గొంతు. ఉయ్యూరు దగ్గర చెరకు లారీలకి బస్సు ఆగిపోతే ఆ రోజు కథ కొంచెం పొడుగు.

మొన్న ట్రైనింగులో ఆ కొత్త టీచర్లు విన్న మీసాల కథ అప్పటిదే. హిందీలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి తీరాలి కదా. మన పిల్లలకి అది కొరుకుడు పడదు. కుర్చీ ఆడదంటే ఎవరు చూశారు టీచర్ అంటారు. పుస్తకం ఆడది, కాగితం మగది అంటే, అయితే పుస్తకం అమ్మ, కాగితం కొడుకులందరినీ కడుపులో మోస్తోందా టీచర్ అంటారు. ఆ వరసలో ఒకరోజు మీసం వచ్చింది. హిందీలో మీసం స్త్రీలింగం. ఒక పిల్లాడు ఇంటికి పోయి వాళ్ళ నాన్నతో, నాన్నా, నీ మీసం ఆడదంట, హిందీ టీచరు చెప్పింది అన్నాడు. మర్నాడు ఆ నాన్న బడికొచ్చాడు. ఆయన మీసం ఆ చుట్టుపక్కల పేరున్న మీసం. గేటు దగ్గర్నించే అరుపులు.

"నేను భయపడిపోయానండీ," అని చెప్పింది ఆవిడ ఆడియోలో. "పొట్టిదాన్ని కదా, నా మొహం సరిగ్గా ఆ మీసం ఎత్తుకొస్తుంది. ఏవండీ, మీ మీసం ముమ్మాటికీ మగదేనండీ, మన ఆంధ్రాలో ఉన్నంతకాలం దానికేం ఢోకా లేదు, ఢిల్లీ వెళ్ళేటప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త అన్నా. ఆయన రెండు నిమిషాలు నన్నే చూసి, 'ఢిల్లీలో మనకేం పనిలెండి' అని వెళ్ళిపోయాడు. పోయేటప్పుడు మీసం కొంచెం సవరించుకున్నాడండీ, పాపం, దానికి సర్ది చెబుతున్నట్టు."

గమనించండి, ఆ కథల్లో నవ్వులపాలయ్యేది ఎప్పుడూ ఆవిడే. పొట్టిది ఆవిడ, భయపడేది ఆవిడ, తెల్లమొహం వేసేది ఆవిడ. పిల్లల్ని చూసి నవ్వుతున్నట్టు ఉండేది గానీ, చివరికొచ్చేసరికి ఆ పిల్లాడే తెలివైనవాడని తేలేది.

ఇందులో ఆవిడ ఎంత పట్టుదల మనిషో ఒకసారి చూశాం. మా గ్రూపులో ఒక సోషల్ మాస్టారు, ఒకమ్మాయి జవాబు పత్రం ఫోటో తీసి పెట్టాడు. కృష్ణా నది ఎక్కడ పుట్టింది అన్న ప్రశ్నకి ఆ పిల్ల 'మా అమ్మమ్మగారి ఊరు అవతల' అని రాసింది. అందరూ నవ్వు బొమ్మలు పెడుతున్నారు. పైన పిల్ల పేరు, క్లాసు, రోల్ నంబరు అన్నీ కనపడుతున్నాయి. అప్పుడు ఈవిడ ఆడియో పెట్టింది. కోపంగా ఏమీ కాదు.

"మాస్టారూ, భలే నవ్వొచ్చిందండీ. కానీ దాని మీద ఆ పిల్ల పేరుంది. ఒక పని చేయండి. అది తీసేసి, పేరు దగ్గర నా పేరు రాసి మళ్ళీ పెట్టండి. నాకూ నది ఎక్కడ పుట్టిందో తెలీదు, హిందీ టీచర్ని. ఇంకో మాట. తప్పు రాసింది అంటే, రాసిందన్నమాటేగా అండీ. ఖాళీ వదిలెయ్యలేదు. దానికి అర మార్కన్నా వెయ్యండి."

సోషల్ మాస్టారు నిజంగానే ఆవిడ పేరు రాసి మళ్ళీ పెట్టాడు. కింద ఎర్ర సిరాతో అర మార్కు. ఆ తర్వాత మా గ్రూపులో పిల్లల పేర్లు కనపడేలా ఎవరూ ఏదీ పెట్టలేదు. ఎవరూ నియమం పెట్టలేదు, అలా జరిగిపోయిందంతే.

ఆవిణ్ణి నేను మొదటిసారి చూసింది టెన్త్ పేపర్లు దిద్దే క్యాంపులో. టీ తాగుతూ నుంచుంటే, నీలం కాటన్ చీర కొంగు తల మీదుగా వేసుకున్న ఒక పొట్టి మనిషి, చేతిలో వేయించిన శనగల పొట్లంతో వరసగా అందరి దగ్గరికీ వెళుతోంది. తెలిసినవాళ్ళా, తెలియనివాళ్ళా అని లేదు. ముందు శనగలు చేతిలో పోస్తుంది, తర్వాత ఊరు అడుగుతుంది. నా దగ్గరకొచ్చి శనగలు పోసి, ఊరూ పేరూ అడిగింది. చెప్పాను.

"ఓహో! నీలం టిక్కు మాస్టారా!" అంది.

అర్థం కాలేదు.

"నేను ఆడియో పెట్టి ఎవరెవరు విన్నారో నొక్కి చూస్తే, అయిదు నిమిషాల్లో మీ పేరు దగ్గర నీలం టిక్కు పడుతుంది. ఇంతవరకూ ఒక్క బొటనవేలు బొమ్మ కూడా పెట్టలేదు మీరు. రోజూ ఎవరబ్బా ఈయన, విని తిట్టుకుంటున్నాడా, నవ్వుకుంటున్నాడా అనుకుంటాను. మా ఆయనక్కూడా చెప్పాను మీ గురించి."

నవ్వుతానండీ అన్నాను. నవ్వకుండానే అన్నానని తర్వాత గ్రూపులో అందరికీ చెప్పింది.

ఆవేళ ఎందుకో, ఎవరికీ చెప్పని సంగతి ఆవిడకి చెప్పాను. మండలం ఆఫీసులో డిప్యుటేషను ఒకటి ఖాళీ ఉంది, దానికి అడుగుదామనుకుంటున్నాను అని. కంప్యూటరు, కాగితాలు, ఫ్యాను. పిల్లలుండరు. రెండేళ్ళు బడి మానేసి వచ్చిన పిల్లలకి ఎంత చెప్పినా ఎక్కట్లేదు. తొమ్మిదో తరగతిలో భాగహారం రాదు. డౌట్లు అడగండిరా అంటే ఒక్కడు నోరు విప్పడు. గోడకి చెబుతున్నట్టుంది. విసుగొచ్చేసింది మేడంగారూ అన్నాను.

వద్దంటుందనుకున్నాను. పవిత్ర వృత్తి అంటుందనుకున్నాను.

"వెళ్ళండి మాస్టారూ, హాయిగా ఉంటుంది," అంది శనగలు నములుతూ. "ఒకటే ఇబ్బంది. ఫైళ్ళు నవ్వవు." నా మొహం వంక చూసి, "అయినా మీరూ నవ్వరుగా. సరిపోతుందిలెండి," అని పక్కాయన చేతిలో శనగలు పోయడానికి వెళ్ళిపోయింది.

ఆ ఏడాది బళ్ళు తెరిచాక ఒకరోజు పదో తరగతికి సంభావ్యత చెబుతున్నాను. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశమెంత, బొరుసు పడే అవకాశమెంత. ఎప్పుడూ బోర్డు మీదే ఎగరేసేవాణ్ణి, సుద్దముక్కతో. ఆ రోజు జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి నిజంగా ఎగరేశాను. చేత్తో పట్టుకోబోతే వేళ్ళకి తగిలి కింద పడింది. పడ్డది ఊరుకోకుండా దొర్లింది. గుమ్మం దాటింది, వరండా దాటింది. మా బడి కాలవ గట్టు మీద. క్లాసంతా లేచి దాని వెనకాల పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. అది గట్టు దిగి నీళ్ళలో బుడుంగుమంది.

"ఏం పడిందిరా?" అని అరిచాను, ఇంకా పాఠం ధోరణిలోనే ఉండి. బొమ్మా బొరుసా అని నా ఉద్దేశం.

"కాలవ పడింది సార్!" అన్నారు ముక్తకంఠంతో.

ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల నెమ్మదిగా చెయ్యెత్తి, "సార్, అయితే కాలవ పడే సంభావ్యత ఎంత సార్?" అని అడిగింది.

నేను నవ్వాను. గట్టు మీద నిలబడి, నడుం పట్టుకుని నవ్వాను. పిల్లలు మొదట భయపడ్డారు, నాకేమైనా అయిందేమోనని. తర్వాత వాళ్ళూ అందుకున్నారు. ఆ పిల్ల అడిగింది మంచి ప్రశ్న. మిగిలిన గంటంతా దానిమీదే చెప్పాను. మనం కాగితం మీద రాసుకునే ఫలితాలు వేరు, బయట జరిగేవి వేరు, వాటినెలా లెక్కలోకి తీసుకోవాలి అని. ఆ రోజు అడిగినన్ని డౌట్లు నా సర్వీసులో ఎవరూ అడగలేదు.

సాయంత్రం గ్రూపులో మొట్టమొదటిసారి నా ఆడియో పెట్టాను. ఎలా మొదలెట్టాలో తెలియక, "అస్సలు సంగతేంటంటే అండీ," అన్నాను. అయిపోయాక ఫోను బోర్లించి పక్కన పెట్టేశాను, పరీక్ష రాసినవాడిలా. మళ్ళీ తీసి చూస్తే గ్రూపంతా నవ్వు బొమ్మలు. హిందీ మేడం మాత్రం నవ్వు బొమ్మ పెట్టలేదు. బస్సులోంచి చిన్న ఆడియో పెట్టింది: "మాస్టారూ, ఇది మా కండక్టరుకి కూడా వినిపించా. ఆయన టికెట్లు కొట్టడం ఆపి విన్నాడు. ఇద్దరు టికెట్టు లేకుండా దిగిపోయారు. ఆ పాపం మీదే."

డిప్యుటేషను సంగతి తర్వాత నేనూ ఎత్తలేదు, ఆవిడా అడగలేదు. ఆ ఖాళీలో వేరే ఎవరో చేరారని విన్నాను.

ఆ తర్వాతి ఏడాది ఆవిడ గొంతు బొంగురుపోవడం మొదలైంది. అసలే రద్దీ క్లాసులు, రెండు సెక్షన్లు కలిపేశారు. ఆడియోల్లో మధ్యమధ్య దగ్గు. 'మిరియాల పాలు తాగండి మేడం' అని అందరూ వైద్యం చెప్పారు. అవన్నీ తాగిందావిడ. చివరికి విజయవాడలో డాక్టరు చూసి, స్వరపేటిక మీద కాయల్లాంటివి లేచాయి, ఆపరేషను చేసి తీసెయ్యాలన్నాడు. ఆ తర్వాత వారాల తరబడి ఒక్క మాట మాట్లాడకూడదు. గొంతు మళ్ళీ మామూలుగా వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. బడి మానెయ్యడం మంచిదని కూడా అన్నాడట.

గ్రూపులో ఆవిడ దగ్గర్నించి ఒకే ఒక్క మాట టైపు చేసి వచ్చింది: 'నోటికి తాళం'. ఆ తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ ఉత్తర్వులూ, గులాబీలూ. సాయంత్రం అయ్యేసరికి నాకు తెలియకుండానే ఫోను తీసి చూసేవాణ్ణి.

ఒక ఆదివారం చర్చి అయ్యాక మా ఆవిడా నేనూ బత్తాయిలు తీసుకుని వన్ టౌన్ వెళ్ళాం. సన్న సందు, మేడ మీద రెండు గదులు. కింద వాళ్ళాయన గడియారాలు బాగుచేసే షాపు. బాగుచేసినవి సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడ్డానికి ఇంట్లో గోడల నిండా తగిలించి ఉన్నాయి. ఆయన పొడుగ్గా, సన్నగా, తెల్లగా మెరిసే జుట్టుతో, చాలా మర్యాదస్థుడు. కుర్చీలు వేసి, టీ ఇచ్చి కూర్చున్నాడు. గదంతా టిక్కు టిక్కుమంటోంది.

"పెళ్ళయ్యాక ఇదే మొదటిసారండీ, మా ఇంట్లో గడియారాల చప్పుడు నాకు వినపడ్డం," అన్నాడు ఆయన మెల్లిగా. గోడల వంక చూసి, "ఏం బాగాలేదు," అన్నాడు.

హిందీ మేడం చేతిలో చిన్నపిల్లల పలక. మా ఆవిడ, మీ గొంతు కోసం మా చర్చిలో ప్రార్థన చేయించానండీ అని చెబితే, పలక మీద రాసి చూపించింది: 'చాలా సంతోషం. ఇచ్చేటప్పుడు కొంచెం సన్నదే ఇవ్వమనండి.' మేం నవ్వాం. ఆవిడ కూడా చప్పుడు లేకుండా భుజాలు కదిలించి నవ్వింది. మా ఆవిడ ఆయనతో ఏదో మాట్లాడుతుంటే, ఆవిడ పలక తుడిచి, ఇంకేదో రాసి, నాకొక్కడికే కనపడేలా తిప్పింది.

'చేత్తో నవ్వించడం నాకు రాదు మాస్టారూ. ఇంక నాకేం వచ్చు?'

ఆవిడ మొహంలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. నేను చదివీ చదవగానే కొంగుతో తుడిచేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా ఆవిడ, "ఇన్నాళ్ళూ ఆవిడ మీకు చెప్పింది. ఇప్పుడు మీరు చెప్పండి," అంది. అంత సులువా అన్నాను. సులువు కాదని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నేను గ్రూపులో, ఇక నుంచి రోజుకొకరం హిందీ మేడం కోసం ఒక సంగతి చెప్పాలి, బస్సు చల్లపల్లిలో బయల్దేరే వేళకి పెట్టాలి అని రాశాను. అందరూ సరేనన్నారు.

ఒక్కరికి కూడా చెప్పడం రాదు! సోషల్ మాస్టారు చివర్లో చెప్పాల్సింది ముందే చెప్పేసేవాడు. ఒక తెలుగు మేడం చెబుతూ చెబుతూ తనే నవ్వి కథ మర్చిపోయేది. కూచిపూడిలో పనిచేసే డ్రిల్లు మాస్టారొకాయన ఉన్నాడు, నగారా లాంటి గొంతు. 'కూచిపూడిలో మాస్టార్నండీ అంటే అందరూ నాట్యమా అంటారండీ, నేను పీఈటీనండీ, వంద కేజీలండీ,' అని తన బాధే రోజూ చెప్పేవాడు. అయినా ఎవరం మానలేదు. ఎవరి బళ్ళో ఏం జరిగినా, అరె, ఇది సాయంత్రం హిందీ మేడానికి చెప్పాలి అని దాచుకునేవాళ్ళం. చెప్పడానికి పనికొచ్చేది ఏదైనా జరుగుతుందేమోనని పిల్లల వంక చూసేవాళ్ళం. నేనైతే అంతకుముందు పిల్లల వంక అంత శ్రద్ధగా చూడలేదు. ఆవిడ ప్రతిదీ వినేది. నీలం టిక్కు పడేది. ఏ బొమ్మా పెట్టేది కాదు.

రెండు నెలలు దాటాక ఒక సాయంత్రం, గ్రూపులో ఆవిడ పేరు మీద ఆడియో. నొక్కితే, ఎవరో మగమనిషి గొంతు. వాళ్ళాయన పెట్టాడేమో, ఏం కబురో అనుకున్నాను.

"అస్సలు సంగతేంటంటే అండీ," అంది ఆ గొంతు, గరగరమంటూ. "నేనే. హిందీలో గలా అంటే గొంతు, అది పుల్లింగం. ఆవాజ్ అంటే స్వరం, అది స్త్రీలింగం. ఇన్నాళ్ళూ రెండూ కలిసి కాపురం చేశాయి. ఆపరేషన్లో మొగుడు గెలిచాడు. కంకిపాడు మాస్టారూ, మీ ఆవిడకి చెప్పండి, చర్చిలో సన్నది అన్న మాట సరిగ్గా వినపడలేదని. రేపట్నుంచి బడికి పోతున్నా."

ఆ గరగర గొంతుతోనే రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పింది. అరిచే ఓపిక లేదు గనక, అరవడం మానేసింది. ఒకసారి జిల్లా టీచర్ల సమావేశం వాళ్ళ బళ్ళో పెడితే వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని చూశాను. ఆవిడ గుసగుసగా చెబుతుంటే, ఆ రద్దీ క్లాసు మొత్తం బెంచీల మీద ముందుకు వాలి వింటోంది. ఒకడు దగ్గితే మిగతా పిల్లలు వాడి వంక గుర్రుగా చూశారు. నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు ఆవిడ చివరి పేజీ నుంచి తెరవడం ఆ రోజే చూశాను. "చిన్నప్పుడు ఉర్దూ బళ్ళో చదివానుగా, అలవాటు," అంది. "అదీగాక పిల్లలు ఇష్టంగా రాసేదంతా చివరి పేజీలోనే ఉంటుంది." ఒక చివరి పేజీలో ఆవిడ బొమ్మే ఉంది, ఇంత ముక్కుతో. దాని కింద ఎర్ర సిరాతో, 'ముక్కు ఇంకొంచెం పెద్దది' అని రాసి సంతకం పెట్టింది.

రిటైరైన ఏడాదికి, ఒక తెల్లవారుజామున ఆవిడ గుండె ఆగిపోయింది. గ్రూపులో కబురు చూసేసరికి అంతా అయిపోయింది. ఆ మధ్యాహ్నమే ఖననం చేసేశారు. దూరాల వాళ్ళం ఎవరం అందుకోలేకపోయాం. ఆదివారం అందరం వన్ టౌన్ వెళదామనుకున్నాం.

సందు మొదట్లో ఆటో దిగాను. నలుగురైదుగురు అక్కడక్కడా నుంచుని ఉన్నారు. నాకెవరూ తెలియదు. వాళ్ళకి నేనూ తెలియదు. ఎండలో ఒకరినొకరం చూసుకుంటూ తలలు తిప్పుకుంటున్నాం. ఇంతలో ఒక భారీ మనిషి కిళ్ళీ కొట్టు దగ్గర, "బాబూ, గడియారాల షాపు ఎటు?" అని అడిగాడు. ఆ నగారా గొంతు వినగానే నాతోపాటు ఇంకో ముగ్గురు ఒక్కసారి తలలెత్తి, "డ్రిల్లు మాస్టారూ!" అన్నాం. ఆయన వెనక్కి తిరిగి నా వంక చూస్తూ, "మీరు... ఆగండి, ఇంకో ముక్క మాట్లాడండి," అన్నాడు. అలా ఒకరి గొంతు ఒకరం పట్టుకుని, పేర్లు కలుపుకుని, నడిరోడ్డు మీద చేతులు పట్టుకుని నవ్వుకున్నాం. ఎందుకొచ్చామో గుర్తొచ్చి తలలు దించుకున్నాం.

మేడ మీద వాళ్ళాయన మమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టాడు. బాగా నలిగిపోయాడు మనిషి. గడ్డం మాసి ఉంది, జుట్టు చెదిరి ఉంది. పక్కింటివాళ్ళు టీ తెచ్చి ఇచ్చారు. కాసేపటికి ఆయనే అడిగాడు.

"మీ ఫోన్లలో ఆమె పాత గొంతు ఉందా అండీ? ఆపరేషనుకి ముందుది?"

ఉందండీ, చాలా ఉన్నాయన్నాం.

"నా దగ్గర ఒక్కటి కూడా లేదు. మనిషి ఇంట్లోనే ఉంది గదా, ఫోనులో ఎందుకు పెట్టుకుంటాం? నాతో ఎప్పుడూ ఎదురుగానే మాట్లాడింది," అన్నాడు.

నేను వెతికి, బళ్ళు తెరిచిన కొత్తల్లోది ఒకటి తీసి, ఫోను ఆయన ముందు పెట్టాను. ఆ సన్న గొంతు గలగలమంటూ గదిలోకి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కథ మాకందరికీ తెలిసిందే. తెలిసిన చోటల్లా మాకు పెదాలు కదులుతున్నాయి. కథ అయిపోయింది. ఎప్పుడూ మేం అక్కడితో ఆపేసేవాళ్ళం. ఆ రోజు ఎవరికీ ఆపాలనిపించలేదు. బస్సు చప్పుడు, హారన్లు, ఎవరో దిగుతూ ఎవర్నో పిలవడం. ఆ వెనకాల, ఎవరికీ కాదన్నట్టు, ఆవిడ గొంతు.

"సరేనండీ, బస్టాండులోకి తిరుగుతున్నాం. అదిగో మా ఆయన. స్కూటరు అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. రోజూ ఇంతే. నేను చూడట్లేదనుకుంటాడు. ఆయన దువ్వెన జేబులో పెట్టుకునేదాకా నేనూ సీట్లోంచి లేవను. కండక్టరు దిగమ్మా దిగమ్మా అంటున్నా సరే... ఆఁ, పెట్టేశాడు. ఉంటానండీ మరి."

ఫోను ఆగిపోయింది.

ఆయన కళ్ళు తెరిచి మా అందరి వంకా ఒక్కొక్కరినే చూశాడు. చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్ళింది.

"చూసేదా?" అన్నాడు.

ఆగిపోయిన ఫోను వంక చూశాడు.

"అన్నేళ్ళూ బస్సులో అందరికన్నా ఆఖర్న దిగేదండీ," అన్నాడు. "మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను."

చెదిరిన జుట్టుని అరచేత్తో నెమ్మదిగా వెనక్కి సర్దుకున్నాడు.